ఆవు మోసిన పేరు

ఇందులో రెండు పేర్లున్నాయి. రెండూ రాయను. మొదటిది నా కూతురిది. మా చుట్టుపక్కల ఆ పేరు ఇంకెవరికీ లేదు కాబట్టి, అది రాస్తే ఇంటి చిరునామా రాసినట్టే. రెండోది మా ఊరి అమ్మవారిది. అది రాస్తే విజయనగరానికీ శ్రీకాకుళానికీ మధ్య ఉన్న ఆడవాళ్లలో సగం మంది తమ గురించే రాశాననుకుంటారు. అందుకని ఒకదాన్ని కొత్త పేరు అంటాను, ఇంకోదాన్ని అమ్మవారి పేరు అంటాను.

నాకు పెట్టిందీ దేవుడి పేరే. మా వైపు ఎవరికైనా అంతే. కొండమీద దేవుడిదో, ఊళ్లో అమ్మవారిదో ఒక పేరు తీసుకుని, వెనకాల రావో అమ్మో తగిలించి వదిలేస్తారు. బళ్లో నా పేరు గలవాళ్లం ఒక బెంచీ నిండా ఉండేవాళ్లం. మాస్టారు మమ్మల్ని విడదీయడానికి ఒకణ్ణి పొట్టి అనీ, ఒకణ్ణి పొడుగు అనీ, రాజాం నుంచి వచ్చేవాణ్ణి రాజాం అనీ పిలిచేవారు. నేను పొట్టీ కాదు, పొడుగూ కాదు, రాజాం నుంచి రాను. అందుకని నన్ను "ఇంకోడు" అనేవారు. "ఇంకోడా, లేచి చెప్పు" అంటే నేను లేచి చెప్పేవాణ్ణి. డిగ్రీ, పీజీ అయిపోయి, రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక, నా ముందు కూర్చున్నవాళ్లలోనూ ఇంకోళ్లే కనిపించారు. నా కూతురు మాత్రం ఇంకొకతె కాకూడదనుకున్నాను. పెద్ద కోరిక కాదు. ప్రపంచంలో చాలామంది తండ్రులకి ఇంతకంటే పెద్ద కోరికలుంటాయి.

మా ఆవిడ మొదటి పురిటికి కన్నవారింటికి, కొత్తవలస, వెళ్లింది. నొప్పులొచ్చాక విజయనగరంలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. కష్టమైన కాన్పు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నర్సులు లోపలికీ బయటికీ తిరిగారే గాని ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మ ఆ తలుపుకి ఎదురుగా నేలమీద కూర్చుంది. పక్కన కుర్చీ ఉంది, కూర్చోలేదు. నేను బాధ్యతగల భర్తలాగే ప్రవర్తించాను. కింద క్యాంటీన్లో టీ తాగుతూ ఫోన్లో పేర్లు వెతికాను. భయమేసి అలా చేశానని చెప్పుకోవచ్చు. భయంగానే ఉంది. కాని అక్కడే ఆ కొత్త పేరు కంటబడినప్పుడు చాలా సంతోషం కూడా వేసింది. దాని అర్థం చెప్పాలంటే కాసేపు పట్టేది. అదే దాని గొప్పతనం అనుకున్నాను.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి పాప పుట్టేసింది. తల్లీ బిడ్డా క్షేమం. అమ్మ కొంగు చివర పసుపు గుడ్డతో ఏదో ముడి ఉంది. ఏమిటని అడగలేదు. అమ్మ కొంగుకి ఎప్పుడూ ఏదో ఒక ముడి ఉంటుంది.

మూడో నెలలో పాపని మా ఊరు తీసుకొచ్చాం. రాజాం నుంచి బండిమీద కాస్త దూరం, రోజూ ఇక్కణ్ణుంచే కాలేజీకి వెళ్లొస్తాను. మర్నాడు పేరు పెట్టడం. అమ్మ బియ్యం చెరుగుతూ, కూరకి ఏం తెమ్మంటావని అడిగినంత మామూలుగా అంది.

"రేపు పళ్లెంలో అమ్మోరి పేరు రాయాల. నాను మొక్కీసినాను."

"ఎప్పుడు?"

"ఆసుపత్రిలో. తల్లీ పిల్లా బాగుంటే నీ పేరెట్టుకుంతాననీసి ముడుపు కట్టినాను."

"నన్నొక మాట అడగొద్దా అమ్మా?"

"నువ్వు కిందన టీ తాగుతన్నావు గదరా. ఎవుల్ని అడగమంతావు?"

ఇది ఎత్తిపొడుపు కాదు. ఉన్న మాట చెప్పింది. ఎత్తిపొడుపైతే తట్టుకోవడం సులువు.

నేను నాకు చేతనైన పని చేశాను, అంటే హాస్యమాడాను. "అమ్మా, ఆ పేరు ఎంతమందికి ఉందో అమ్మవారు లెక్కపెట్టుకుంటుందా? ఒకరు తగ్గితే ఆవిడకేం తెలుస్తుంది?"

అమ్మ చేట ఆపింది. "నీ తరగతిలో ఒకలు రాకపోతే నీకు తెల్దేటి?"

రోజూ హాజరు తీసుకునేది నేనే. మా ఆవిడ మధ్యలో కల్పించుకుంది. ఆవిడకి ఏ పేరైనా ఫర్వాలేదు, పిల్ల బతికి ఒళ్లో ఉంది, అది చాలు. "రెండూ పెట్టేద్దాం. ముందు అత్తయ్య మొక్కిన పేరు, వెనకాల మీరు ఏరిన పేరు."

"రెండూ కలిపితే అది పేరులా ఉండదు, రైలు పెట్టెకి కట్టిన బోర్డులా ఉంటుంది. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో తెలుస్తుంది" అన్నాను.

మా ఆవిడ నవ్వింది. అమ్మకి కూడా నవ్వొచ్చి, ఆపుకుంది. మా ఇంట్లో ఒక మాటకి నవ్వొచ్చిందంటే ఆ మాట నెగ్గినట్టే. పోనీ పిలవడానికి అమ్మవారి పేరు పెట్టుకో, నేనేం అడ్డుచెప్పను అని పెద్ద మనసుతో అన్నాను కూడా. "మొక్కిన పేరు పిలుపుకెట్టుకునేది కాదురా" అని అమ్మ మళ్లీ చేట అందుకుంది.

మా ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి ఉంగరంతో పేరు రాస్తాడు. నాయనమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుని ఆ పేరు చెవిలో చెబుతుంది. మర్నాడు నేను కొత్త పేరే రాశాను. చివరి అక్షరానికి చోటు చాలక కొన్ని గింజలు కిందపడ్డాయి. అమ్మ పాప చెవి దగ్గరికి వంగింది. అందరూ మాటలు ఆపారు. అమ్మ కాసేపు అలాగే వంగి ఉండి, లేచింది. పెదవులు కదల్లేదు. నేను ఎదురుగా ఉన్నాను, చూశాను. ఇంకెవరూ చూడలేదు కదా అని ఊపిరి పీల్చుకుని, భోజనాలకి విస్తళ్లు వేయించాను.

ఆ తర్వాత నెలకి మా ఆవు ఈనింది. పెయ్య పుట్టింది. నుదుట తెల్లమచ్చ. అమ్మ దానికి స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చెవిలో ఏదో చెప్పింది. ఈసారి పెదవులు బాగానే కదిలాయి. దూడకి అమ్మవారి పేరు పెట్టింది.

మా మావ, అంటే అమ్మ తమ్ముడు, అదే ఊళ్లో వ్యవసాయం చేసుకుంటాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. వార్త తెలిసి వచ్చి పశువుల సాలలో నిలబడి దూడని ఎగాదిగా చూశాడు.

"అప్పా, అమ్మోరికి దూడనిచ్చి సరిపెట్టీసినావేటి?"

"నానేటి మొక్కినాను? నీ పేరెట్టుకుంతానన్నాను. ఎవులికెడతానో అన్నేదు."

"అమ్మోరికి ఆమాత్రం తెలివి నేదనుకున్నావా?"

"ఉన్నాది కాబట్టే దణ్ణమెట్టి సెప్పీసినాను. మా అబ్బాయి సదువుకున్నాడు తల్లీ, సెప్తే ఇనడు, దీంతో సద్దుకోమన్నాను."

మావ నా వైపు తిరిగాడు. "ఒరే అల్లుడూ, నీ సదువు అమ్మోరి దాకా ఎల్లిపోనాదిరా."

ఈ సంగతి కాలేజీ స్టాఫ్ రూములో చెప్పాను. బాగా పండింది. అమ్మ గొంతు, మావ గొంతు వేర్వేరుగా పలికి చెప్పేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకి పాతవాళ్లే "ఆ దూడ సంగతి చెప్పండి మాస్టారూ" అని గుర్తుచేసేవారు. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ అమ్మ కాస్త ఎక్కువ అమాయకురాలయ్యేది, నేను కాస్త ఎక్కువ తెలివైనవాణ్ణయ్యేవాణ్ణి.

పేరుతోపాటు దూడకి హోదా వచ్చింది. దాన్ని కర్రతో అదిలించకూడదు. తిట్టకూడదు. అమ్మకూడదు. వయసొచ్చాక ముక్కుతాడు వేయబోతే అమ్మ ఒప్పుకోలేదు. అమ్మవారి పేరున్న ముక్కుకి బెజ్జం పొడుస్తారా అంది. మెడకి తాడుండేది గాని, దాన్ని గుంజకి కట్టినట్టు నటించడమే తప్ప గట్టిగా ముడివేసేది కాదు. ఆవుకి ఇదంతా చాలా తొందరగా అర్థమైంది. పెసర చేలు పచ్చగా ఉన్న రోజుల్లో పక్కింటాయన గుమ్మంలోకి వచ్చి, "అప్పా, మీ అమ్మోరు మా సేనులో ఉన్నారు, ఒకపాలి వచ్చి తోడుకెళ్లిపో" అనేవాడు. పాపం, ఆయనా కొట్టలేడు. అమ్మ వెళ్లి, "తల్లీ, ఇది మనది కాదమ్మా, బేగి రా" అని బతిమాలి తెచ్చేది. నేను అదీ స్టాఫ్ రూములో చెప్పాను.

పాప ఆ ఆవు తిరిగే పెరట్లోనే పెరిగింది. పెయ్య తల్లయ్యాక దాని పాలే తాగింది. అమ్మ చేతిలోనే తింది, అమ్మ పక్కలోనే పడుకుంది. కాని అమ్మ ఒక్కసారి కూడా దాన్ని పేరు పెట్టి పిలవలేదు. "ఒలే గుంటా" అనేది, మా వైపు గుంట అంటే ఆడపిల్ల; "నా తల్లీ" అనేది. నామీద కోపమనుకున్నాను. ఆ కోపానికి అమ్మకి హక్కుంది లే అని ఊరుకున్నాను. ఇలా ఊరుకోవడంలో నాకు శ్రమ లేదు.

పాపకి నాలుగో ఏడు నడుస్తుండగా జ్వరమొచ్చింది. ఊళ్లో పిల్లలందరికీ వచ్చిందే. పొద్దున్నే లేచి చూస్తే అమ్మ సాలలో ఉంది. ఆవు నుదుటిమీద చెయ్యి వేసి చూస్తోంది. చూసి, చేతులు కడుక్కుని, అప్పుడు వచ్చి పాప నుదుటిమీద చెయ్యి వేసింది.

"జ్వరం పాపకి కదమ్మా" అన్నాను.

"దానికొచ్చిందేటోనని."

"ఆవుకెందుకొస్తుంది?"

అమ్మ గొంతు తగ్గించింది. "పిల్ల బదులే గదరా ఆవు ఉన్నాది. అడగడానికొస్తే అమ్మోరు దాన్నే అడగాల. అందుకే నాను ఈ పిల్లని పేరెట్టి పిలవను. అమ్మోరు ఇంటాది. ఇంటే, నాకెడతానన్న పిల్ల ఇదే గదాననీసి గేపకం వస్తాది."

పాపకి మూడోనాటికి తగ్గిపోయింది. ఈ మాట మాత్రం స్టాఫ్ రూములో చెప్పలేదు. అన్నాళ్లూ అమ్మ నామీద అలిగిందనుకున్నాను. అమ్మ అలగలేదు, భయపడుతోంది. నా పిల్ల పేరు గొంతులోంచి బయటికి రానీయకుండా, రోజూ, అదే ఇంట్లో, నాకు అన్నం వడ్డిస్తూ. ఆ వారమే పేరు మార్చేసి ఉండొచ్చు. పాపని బడిలో ఇంకా వేయలేదు. మార్చాలనే అనుకున్నాను కూడా. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. నేను ఒప్పుకుంటే అమ్మ భయం నిజమని ఒప్పుకున్నట్టవుతుందని ఒక చదువుకున్న కారణం కూడా దొరికింది. మాకు కారణాలకి కొదవుండదు.

ఐదో పుట్టినరోజు కాస్త పెద్దగా చేశాను. రాజాంలో ఫ్లెక్సీ వేయించాను. పాప ఫోటో, కింద కొత్త పేరు, నిలువెత్తు అక్షరాలు. కొట్టువాడు పేరు చదివి, "ఇది పేరే గదా సార్?" అని అడిగాడు. గర్వపడ్డాను. వాకిట్లో టెంటు, కేకు, ఊరందరికీ భోజనం. మా వైపు భోజనమంటే అన్నం తక్కువైతే పరువు పోతుంది, మిగిలితే పోదు. చాలా మిగిలింది. గుండిగలు పెరట్లోకి చేర్చారు.

"ఒరే, ఆ అన్నం మీద మూతలెట్టీసి రాయెట్టు. ఆవు తిరుగుతాది" అని అమ్మ కేకేసింది.

"పెడతానమ్మా" అన్నాను. ఆ సమయానికి నేను నిచ్చెన మీదున్నాను. ఫ్లెక్సీ చిరగకుండా మేకులు ఊడదీస్తున్నాను. దాచుకుందామని. ఊడదీసి, దుమ్ము తుడిచి, అక్షరాలమీద మడత పడకుండా చుట్టి, లోపల బీరువా మీద పెట్టి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. పెరట్లో ఆవు గుండిగలో తల పెట్టి ఉంది. పక్క గుండిగ అప్పటికే ఖాళీ.

ఆవు అన్నం ఎక్కువ తింటే కడుపులో పులిసిపోతుంది. ఈ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా పొద్దున్న చూద్దాంలే అనుకున్నాను. పొద్దున్నకి అది లేవలేదు. కడుపు ఎడమవైపు ఉబ్బి, పళ్లు నూరుతోంది. పశువుల డాక్టరు వచ్చి ఇంజెక్షన్లు చేశాడు, సోడా నీళ్లు పట్టించాడు, నిన్ననే పిలవాల్సింది అన్నాడు. అమ్మ దాని తల పక్కన నేలమీద కూర్చుంది. అలా కూర్చోవడం నేను ఆసుపత్రిలో చూశాను. కొంగు వైపు చూశాను. ముడి లేదు.

మావ కూడా అదే చూసినట్టున్నాడు. "అప్పా, మొక్కుకోయే. నీ మాట ఇంటాది గదా."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "దీనికోసం మొక్కితే ఆ పిల్లనడుగుతాది. వద్దు."

అంటూనే ఆవు మెడ నిమురుతోంది. ఏడుస్తోంది, మొక్కుకోవడం లేదు. నేను పక్కనే నిలబడ్డాను. ఈసారి కిందకి వెళ్లడానికి క్యాంటీను లేదు.

మధ్యాహ్నానికి పోయింది. పొలం గట్టున పూడ్చాలన్నారు. బండి వచ్చేలోగా చినుకులు మొదలయ్యాయి. ఎవరో ఇంట్లోకి పరిగెత్తి, బీరువా మీదున్న ఫ్లెక్సీ తెచ్చి, విప్పి ఆవుమీద కప్పబోయారు. ఊళ్లో పాత ఫ్లెక్సీలన్నీ అలాగే గడ్డివాములమీదా, కట్టెలమీదా పడతాయి, వాళ్ల తప్పు లేదు. అమ్మ ఒక్క ఉదుటున లేచి దాన్ని లాగేసింది. "నా పిల్ల ముఖాన్ని సావుమీద కప్పుతారేటి" అంది. లోపలికెళ్లి తన చీర ఒకటి తెచ్చింది. పాప పేరు పెట్టిన రోజు కట్టుకున్న చీర అది. ఆవుకి బొట్టు పెట్టి ఆ చీర కప్పింది. ఫ్లెక్సీ వాననీళ్లలో పడి ఉంది. దాన్ని చుట్టి లోపల పెట్టాలని నాకు అనిపించలేదు.

మర్నాడు కాలేజీకి వెళ్లాను. స్టాఫ్ రూములో ఒకాయన టిఫిను డబ్బా విప్పుతూ, "మాస్టారూ, మీ అమ్మవారు ఎలా ఉన్నారు?" అన్నాడు. అందరూ అలవాటుగా నవ్వడానికి సిద్ధంగా నావైపు చూశారు. ఆ ఎదురుచూపు నేనే నేర్పాను.

"బాగున్నారు" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మ అరుగుమీద దువ్వెన, నూనె, రిబ్బన్లు పెట్టుకుని ఉంది. పాప వీధిలో పిల్లలతో ఆడుతోంది.

"అమ్మా, పాపకి అమ్మవారి పేరు పెట్టేద్దాం. పళ్లెంలో మళ్లీ రాస్తాను. బడిలో కూడా అదే వేయిస్తాను."

అమ్మ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తోంది. "వద్దురా."

"నువ్వు మొక్కిన పేరే కదా."

"మొక్కింది నానే. మోసింది అది. మొయ్యాల్సినన్నాళ్లు మోసి, తనకూడా అట్టుకుపోనాది. ఇప్పుడు ఆ పేరు కూడా నాగేసుకుంటే దానికేటి మిగుల్తాది?"

"మరి మొక్కు?"

"తీరిపోనాది గదరా. అమ్మోరు తీసుకోవాల్సింది తీసుకున్నాది. ఇంక దీని జోలికి రాదు." నావైపు చూసి, నా భుజంమీద నూనె చెయ్యి వేసి, "నువ్వేటి సేస్తావులే. మూతెట్టడం మరిసిపోనావు. అలాగవ్వాలనున్నాది" అంది.

ఏదైనా హాస్యమాడదామని చూశాను. దేనికైనా హాస్యం వెతుక్కోగలిగినవాణ్ణి. ఏమీ దొరకలేదు. అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టాల్సిన చోట అమ్మవారి పేరు చెప్పి నన్ను వదిలేసింది.

అప్పుడు అమ్మ వీధివైపు తిరిగి పిలిచింది. పేరు పెట్టి. నేను ఆసుపత్రి క్యాంటీన్లో టీ తాగుతూ ఏరిన పేరుని, మొదటిసారి, పూర్తిగా, ఒక్క అక్షరం తగ్గకుండా, వీధి చివర గుడిదాకా వినిపించేంత గట్టిగా.

పాప తిరగలేదు. ఆ గొంతుతో ఆ పేరు తనకెప్పుడూ వినిపించలేదు. అమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి ఆట ఆపి, మెల్లగా గుమ్మం దాకా వచ్చి, నావైపు ఒకసారి, అమ్మవైపు ఒకసారి చూసింది.

"నాయనమ్మా, నన్నేనా?"

"నిన్నేనే గుంటా. ఈ పేరుతో ఊళ్లో ఇంకెవులున్నారు. రా, జడేస్తాను."